కొమ్మ పంగలో రాయి

మేస్త్రీ భుజానికి తగిలించుకున్న వాకీటాకీ రేడియోని అరచేత్తో రెండు చరుపులు చరిచాక గానీ అది నోరు విప్పలేదు.

"హమ్మయ్య, వదిలింది," అంది అతని భార్య, కొండ కింద సైకిల్ షాపులోంచి. "మీ బటన్ మళ్లీ ఇరుక్కుపోయింది. పొద్దుట్నుంచి మీ గొణుగుడంతా ఇక్కడ వినిపిస్తోంది. నేను మాట్లాడదామంటే సందు లేదు. టైరు మార్పించుకోడానికొచ్చినవాళ్లు కుర్చీలు లాక్కుని మరీ విన్నారు."

"ఏం విన్నారు?"

"ఆఫీసువాళ్లని తిట్టారు. మోకాలిని తిట్టారు. తర్వాత ఒక రాయిని పది నిమిషాలు తిట్టారు. పాపం, అదేం చేసిందండీ?"

"జరగమంటే జరగనంది."

"మీకు చుట్టమేమో చూడండి."

మేస్త్రీ నవ్వి పార కింద పెట్టాడు. అతను ఇళ్లు కట్టే మేస్త్రీ కాదు, దారులు కట్టే మేస్త్రీ. సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ కొండ మీద సైకిళ్లు దిగే దారులు పదకొండు ఉన్నాయి. ప్రతి మలుపుకీ మట్టి గట్టు ఎత్తడం, ప్రతి వాన తర్వాతా సరిచెయ్యడం అతని ఉద్యోగం. కింద షాపులో సైకిళ్లు అద్దెకివ్వడం, విరగ్గొట్టుకొచ్చినవాటిని బాగుచెయ్యడం భార్య పని.

"సరే గానీ," అంది ఆవిడ. గొంతు మెత్తబడింది. "మీ దగ్గరికి ఎవరూ రాలేదా?"

ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఆ మెత్తదనం ఎప్పుడొస్తుందో మేస్త్రీకి బాగా తెలుసు. చెయ్యాల్సింది చేసేశాక వస్తుంది.

"ఎవరు రావాలి?"

"తమ్ముడొచ్చాడండీ."

మేస్త్రీ పారకంటిన మట్టిని కాలితో గీరాడు.

"పొద్దున్న బస్సుకి దిగాడు. మీరు అప్పటికే పైకెళ్లిపోయారు. సైకిలిచ్చి ఎనిమిదింటి వ్యాన్‌లో శిఖరం మీదకి పంపాను. సముద్రపు దారిలో దిగిరా, మీ బావ కింద పనిలో ఉంటాడు, ఎదురుపడతారు అన్నాను. ఇంట్లో అయితే ఒకరు వస్తే ఒకరు లేచి వెళ్లిపోతారు. కొండ మీద ఎక్కడికి పోతారు?"

"కొత్త దారి సంగతి చెప్పావా?"

"ఏ కొత్త దారి?"

"నెల్లాళ్లుగా నేనిక్కడ ఏం చేస్తున్నాననుకున్నావు?"

"మీరేదో సరిచేస్తున్నారని తెలుసు గానీ... నాకేమైనా విడమరిచి చెప్పారా ఎప్పుడైనా? ఏమైందండీ?"

"ఏం కాలేదు," అన్నాడు మేస్త్రీ. "వాడి ఫోనుకి చెయ్యి."

"బ్యాగు ఇక్కడే వదిలేసి వెళ్లాడు. అందులోనే మోగుతోంది."

కొండ మీద ఆ తమ్ముణ్ని అందరూ తూనీగ అనేవారు. అతని సైకిల్ నేల మీద కంటే గాల్లో ఎక్కువసేపు ఉండేది. సముద్రపు దారిని బావా బావమరుదులు తొమ్మిదేళ్ల కిందట ఇద్దరే తవ్వారు. చెట్ల మధ్య చీకట్లో దిగి దిగి, చివర ఎడమకి తిరిగేసరికి ఒక్కసారిగా సముద్రం కనిపించే మలుపు ఉండేది. దానికి కిటికీ అని పేరు పెట్టింది తూనీగే.

రెండేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు కిటికీ కూడా లేదు. పోయిన నెల వానలకి ఆ మలుపు మలుపంతా విరిగి, పదిహేను నిలువుల కింద రాళ్ల మీద పడింది. దారి మాత్రం చెట్ల మధ్యనుంచి ఎప్పటిలాగే దిగి వచ్చి, చివర గాల్లో ఆగిపోతుంది.

మేస్త్రీ ఆ మర్నాడే సముద్రపు దారిని పైనుంచే మూసేశాడు. పక్కన సరుగుడు తోపులోంచి కొత్త దారి తీశాడు. పాతదాని మొదట్లో రిబ్బను కట్టాడు, గాలి పట్టుకుపోయింది. బోర్డు కావాలంటే సోమవారం ఇస్తామన్నారు ఆఫీసువాళ్లు. ఏ సోమవారమో చెప్పలేదు. అందుకని పాత పద్ధతి వాడాడు. మొదటి ఇరవై అడుగుల మేర దారి కనబడకుండా ఎండుకొమ్మలు పరిచి, ఆకులు చల్లి, ఒక మొద్దుని మొలిచినట్టు నిలబెట్టాడు. రోజూ వెళ్లేవాళ్లు కూడా గుర్తుపట్టలేదు. బోర్డు పెడితే కుర్రకారుకి సరదా పుడుతుంది, కంటికి కనబడని దారిలోకి చక్రం పోదు అనేది అతని సిద్ధాంతం.

కాబట్టి తూనీగ కూడా అక్కడ చెట్టు మీద గీసిన బాణం గుర్తు చూసి కొత్త దారిలోనే వస్తాడు. ఇక్కడే, తన ముందునుంచే వెళ్లాలి. మేస్త్రీ నడుం మీద చెయ్యి వేసుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. సముద్రం మీంచి పొగమంచు ఎక్కుతోంది. పది బారల అవతల చెట్లు అప్పుడే మసకబారాయి.

చక్రాల చప్పుడు వినిపించింది. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. రెండేళ్ల తర్వాత మొదటి మాట ఏమనాలో తేల్చుకోలేదింకా.

మంచులోంచి బయటపడింది లెక్కల టీచరమ్మ. బడికి వెళ్లేముందు రోజూ ఒక రౌండు దిగందే ఆవిడకి పొద్దు గడవదు.

"ఏంటి మేస్త్రీ గారూ, దారికి అడ్డంగా నిలబడ్డారు? టిక్కెట్టు పెట్టారా?"

"పైన ఎవరైనా కనిపించారా టీచరమ్మా? పొడుగ్గా, కొంచెం కుంటుతూ?"

"కనిపించారు. మీ పనాయనే అనుకున్నానే! పాత దారి చీలేచోట కొమ్మలు పక్కకి తీస్తున్నారు. పలకరిస్తే వినిపించుకోలేదు. చేతిలో ఒక రాయి పట్టుకుని దాన్ని చూసి నవ్వుకుంటున్నారు. నాకు కొంచెం భయం కూడా వేసింది."

"రాయా?"

"పిడికెడు రాయి."

మేస్త్రీ తలెత్తి పైకి, మంచులోకి చూశాడు.

కొత్తగా దారి తవ్వుతున్నప్పుడు, అది గట్టిపడేదాకా బయటివాళ్లు తొక్కకుండా బావా బావమరుదులు దాని మొదట్లో కొమ్మలు పరిచి దాచేవారు. దారి సిద్ధం కాగానే మేస్త్రీ పై కొమ్మ పంగలో పిడికెడు రాయి ఒకటి పెట్టేవాడు. ఊరందరికీ అది చెత్తకుప్ప. తూనీగకి మాత్రం అది కబురు. దారి తయారైంది, ఇంకా ఎవరూ తొక్కలేదు, మొదటి పరుగు నీదే అని.

నెల కిందట, గాలికి కొమ్మ లేచిపోతుందని, మేస్త్రీ చెయ్యి దానంతటదే వంగి ఒక రాయి తీసి పంగలో పెట్టింది. ఏడేళ్ల అలవాటు. పెట్టింది మనసు కాదు, చెయ్యి.

లోకమంతటినీ ఆపడానికి వేసిన అడ్డు, ఒక్క మనిషిని మాత్రం రమ్మని పిలిచింది.

"టీచరమ్మా, ఎంతసేపైంది?"

"నేను కింద ఆగి చక్రానికి గాలి కొట్టుకున్నాను. ఏడెనిమిది నిమిషాలు. ఏమైంది?"

"పైకి వెళ్లండి. ఆ కొమ్మల దగ్గర సైకిల్ అడ్డంపెట్టి నిలబడండి. ఇంకెవర్నీ లోపలికి పోనివ్వకండి."

ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. సైకిల్ తిప్పి ఎక్కడం మొదలుపెట్టింది. మేస్త్రీ అప్పటికే తుప్పల్లోకి దూకాడు.

సముద్రపు దారి మొదలు నుంచి కిటికీ దాకా కిలోమీటరున్నర. తొమ్మిది మలుపులు. మామూలువాళ్లకి ఏడు నిమిషాలు, తూనీగకి నాలుగు. లెక్క ప్రకారం ఈపాటికే అంతా అయిపోయి ఉండాలి.

లెక్క ఆలోచించకూడదనుకున్నాడు మేస్త్రీ. మధ్యలో ఉన్న వాగు దాటితే ఐదో మలుపు దగ్గర పాత దారి తగులుతుంది. గట్టు మీంచి జారాడు. సగంలో కాలు పట్టు తప్పి, మిగతా సగం వీపు మీద దిగాడు. రేడియోతో సహా బురదలో పడ్డాడు. లేచి అవతలి గట్టు పట్టుకుని పాకాడు. మోకాలు ఒంటికాలి మీద లేచింది. దాన్ని తిట్టే తీరిక కూడా లేదు.

"ఒరేయ్!" అని అరిచాడు. "ఒరేయ్, ఆగరా!"

అలల హోరు ఆ కేకని అక్కడికక్కడే మింగేసింది.

ఐదో మలుపు. నేల మీద టైరు గుర్తు, తడిగా, కొత్తగా, కిందికి. ఒక్కటే. తిరిగొచ్చిన గుర్తు లేదు.

 మేస్త్రీ పరిగెత్తాడు. ఇరవై అడుగులు వెళ్లాక ఆగాడు.

అక్కడ దారికి అడ్డంగా తను తవ్విన కాలవ ఉంది. వాన నీరు దారి పొడవునా పారి కోసెయ్యకుండా పక్కకి మళ్లించే జానెడు లోతు కాలవ. నెల్లాళ్లుగా ఎవరూ పట్టించుకోక పూడిపోయి ఉండాలి. కానీ శుభ్రంగా ఉంది. తీసిన బురద పక్కన కుప్పగా, ఇంకా మెరుస్తూ ఉంది. మడమతో గీరిన గుర్తులు. ఎడమ మడమ లోతుగా దిగింది. కుడిది పైపైన తాకింది.

కుంటుతున్న మనిషి మడమ.

నమ్మబుద్ధి కాలేదు. తూనీగకి అడ్డకాలవలంటే ఒళ్లుమంట. "దారి తవ్వమంటే పొలానికి నీళ్లు పెడతావేంటి బావా? ఊపంతా చెడగొడుతున్నావు" అని ఏడేళ్లు పోరు పెట్టినవాడు. జన్మలో ఒక్క కాలవ తీసినవాడు కాదు. గొడవంతా కాలవ గురించే కదా వచ్చింది!

ఎనిమిదో మలుపు దాటాక కిటికీ దాకా నూరు బారల నిటారు దిగుడు ఒకటుంది. దాని మొదట్లో నీళ్లు నిలబడుతున్నాయని మేస్త్రీ నెలల తరబడి చెప్పాడు. బావమరిది వినలేదు. ఒకరోజు సాయంత్రం మేస్త్రీ చిర్రెత్తి, ఎవరికీ చెప్పకుండా అక్కడ కాలవ తవ్వేశాడు. మర్నాడు పొద్దున్న తూనీగ ఎప్పటి వేగంతో వచ్చాడు. తొడ ఎముక రెండు ముక్కలైంది. "చెప్పకుండా తవ్వాడు" అన్నది ఒక్కటే అతని మాట. "వందసార్లు చెప్పాను" అన్నది మేస్త్రీ మాట. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

ఆరో మలుపు. మళ్లీ కాలవ, మళ్లీ కొత్త బురద. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. పైనుంచి ఎనిమిదో మలుపు దాకా పదకొండు కాలవలు. ఒక్కోదానికి నిమిషం, నిమిషమున్నర. ప్రతిదాని దగ్గరా ఆగితే, ఆ కుంటికాలితో ఆగి దిగి గీరి ఎక్కితే...

పరిగెత్తాడు. ఏడో మలుపులో రెండు కాలవలు. రెండోదాంట్లో నీరు ఇంకా మురిగ్గా కదులుతోంది. ఇప్పుడే వదిలి వెళ్లాడన్నమాట.

"ఒరేయ్ తూనీగా!"

ఎనిమిదో మలుపు. చివరి కాలవ. నీరు ఇంకా పారుతూనే ఉంది. మనిషి లేడు.

 దీని తర్వాత ఇక ఆగడానికి ఏమీ లేదు. నూరు బారల దిగుడు, దాని చివర గాలి. ఆ దిగుడు మొదట్లో ఒకప్పుడున్న కాలవని మేస్త్రీయే పూడ్చేశాడు. బావమరిదిని ఆస్పత్రిలో చేర్చి వచ్చిన మర్నాడే, ఒక్కడే వచ్చి, మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, అక్కడ కాలవ ఉండేదని ఎవరికీ తెలియకుండా చేశాడు. ఆ గుంటని చూడలేకపోయాడు. ఆ తర్వాత రెండు వానాకాలాల నీరు అడ్డు లేకుండా తిన్నగా కిటికీలోకి దిగింది. ఆఫీసు ఇంజినీరు వచ్చి, సముద్రం కోసేసిందని రాసుకుపోయాడు. మేస్త్రీ కాదనలేదు. భార్యకి కూడా చెప్పలేదు.

మంచు దట్టంగా ఉంది. మేస్త్రీ మలుపు తిరిగాడు.

ఎవరో మట్టి గీరుతున్నారు.

దారి మధ్యలో సైకిల్ పడుకోబెట్టి ఉంది. పక్కన తూనీగ, కుడికాలు చాపుకుని కింద కూర్చుని, ఒక విరిగిన కొమ్మతో గట్టినేలని పొడుస్తున్నాడు. తలెత్తి చూశాడు. జుట్టు అక్కడక్కడ నెరిసింది. రెండేళ్లకి మొదటి మాట అతనే అన్నాడు.

"బావా, ఇక్కడ కాలవ ఏది?"

మేస్త్రీ వెళ్లి ముందు సైకిల్ పట్టుకున్నాడు. దాన్ని ఎత్తి, పది బారలు పైకి లాక్కెళ్లి, చెట్టుకి ఆనించి వచ్చాడు. తర్వాత బావమరిది చొక్కా భుజం దగ్గర గుప్పెటతో పట్టుకున్నాడు. వదల్లేదు.

"ఏంటి బావా? ఏమైంది నీకు? ఒళ్లంతా బురదేంటి?"

"కిటికీ పోయిందిరా."

"పోవడమేంటి?"

"పడిపోయింది. ఈ దిగుడు చివర ఏమీ లేదు. రాళ్లే."

తూనీగ కిందికి చూశాడు. మంచు తప్ప ఏమీ కనబడలేదు. ఒక చిన్న రాయి తీసి దిగుడులోకి దొర్లించాడు. అది టకటకమంటూ వెళ్లింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి, ఎక్కడో చాలా కింద, టప్‌మంది.

అతను చాపిన కాలు చప్పున వెనక్కి లాక్కున్నాడు.

"మరి రాయి పెట్టావుగా బావా. కొమ్మ పంగలో." జేబులోంచి తీసి చూపించాడు. "దీన్ని చూసి... నన్ను రమ్మన్నావనుకున్నాను. అక్క నేనొస్తున్నానని నీకు చెప్పిందేమో, అందుకే పెట్టావేమో అనుకున్నాను."

"గాలికి కొమ్మ లేవకుండా పెట్టాను. నీకెలా కనిపిస్తుందో ఆలోచించలేదు. బోర్డు లేదు, కబురు లేదు. మళ్లీ అదే పని చేశాను." మేస్త్రీ గుప్పెట ఇంకాస్త బిగించాడు. "అప్పుడు తవ్వి చెప్పలేదు. ఇప్పుడు మూసి చెప్పలేదు. మధ్యలో ఇంకోటి కూడా ఉంది. ఇక్కడి కాలవ నేనే పూడ్చాను. నీ కాలు విరిగిన మూడోనాడు. అందుకే కిటికీ పడింది. సముద్రం కొయ్యలేదు, నేను కోశాను. ఇది ఎవరికీ తెలీదు. మీ అక్కకి కూడా."

తూనీగ దిగుడు వైపు చూశాడు. కొమ్మతో నేల మీద గీత గీశాడు.

"ఏడాది కర్రతో నడిచాను బావా. డాక్టరు రోజూ నడవమన్నాడు. మా ఇంటి వెనక ఒక చిన్న గుట్ట ఉంది, దాని మీద. సైకిల్ మీద తిరిగినన్నాళ్లూ నాకు నీళ్లు కనబడలేదు. నడిచాక కనబడ్డాయి. ప్రతి వానకీ ఆ గుట్ట దారి ఎలా కోసుకుపోతోందో చూశాను. ఒకరోజు ఊరుకోలేక చేతికర్రతో అడ్డంగా ఒక గాడి తీశాను. జనం పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు." నవ్వాడు. "ఇవాళ ఇక్కడ ఆగింది కూడా అందుకే. మిగతావన్నీ పూడిపోయి ఉన్నాయి, గీరుకుంటూ వచ్చాను. ఇది మాత్రం అసలు లేదు. నా కాలు విరగ్గొట్టిన కాలవ నాకు గుర్తుండదా? ఇది లేకపోతే నీళ్లన్నీ కిందికేగా పోయేది, బావకి తెలీదా అనుకుని, నేనే తవ్వుదామని కూర్చున్నాను."

"తెలుసురా."

"తెలిసి పూడ్చావా?"

"చూడలేకపోయాను."

తూనీగ బావ ముఖంలోకి చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. "నేనూ వేగంగా వచ్చాలే," అన్నాడు. "నువ్వు వందసార్లేం చెప్పలేదు గానీ, ఒక ముప్పై సార్లు చెప్పుంటావు."

"వంద."

"ముప్పై. అందులో పది నేను నిద్రపోతున్నప్పుడు."

మేస్త్రీ చొక్కా వదిలాడు. పక్కన కూర్చున్నాడు. కొమ్మతో ఒకరు, పదునైన రాయితో ఒకరు, దిమ్మిసతో గట్టిపడిన ఆ నేలని జానెడు లోతు తవ్వడానికి పావుగంట పట్టింది. పడిపోయిన దారికి కాలవెందుకని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. మిగిలిన కొండ మిగలాలిగా.

లేచేటప్పుడు మేస్త్రీకి భుజం దగ్గర బరువు గుర్తొచ్చింది. రేడియో బురద ముద్దలా ఉంది. అరచేత్తో చరిచాడు.

"...దిలిందా? వదిలిందా?" అంది భార్య. గొంతు బొంగురుగా ఉంది.

"ఎప్పట్నుంచి ఇరుక్కుంది?"

"మీరు ఎక్కడో దబ్బున పడ్డారే, అప్పట్నుంచి." ముక్కు చీదిన చప్పుడు. "నేను వాణ్ని పంపి, ఇక్కడ కూర్చుని, మీరు ఆయాసపడటం వింటూ... పలుకుదామంటే పలకనివ్వదు ఈ దిక్కుమాలిన డబ్బా!"

"అంటే, అంతా..."

"అంతా. కాలవ పూడ్చిన ముచ్చట కూడా."

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. "షాపులో ఎవరున్నారు?"

"ఇద్దరు టైరువాళ్లు, వ్యాన్ డ్రైవరు. ఒక్కరు కదల్లేదు. డ్రైవరు కళ్లు తుడుచుకుని బయటికెళ్లి ఆఫీసుకి ఫోన్ చేశాడు. బోర్డు సోమవారం కాదు, ఇప్పుడు తెచ్చిస్తావా, నన్నే రమ్మంటావా అని అడుగుతున్నాడు."

"ఇంజినీరుకి నేనే చెప్తాను, ఎందుకు పడిందో."

"చెప్పండి," అంది ఆవిడ. కాస్త ఆగి, "ముందు నాకు చెప్పాల్సింది. ఇంటికి రండి, మీ పని చెప్తాను. వాడికివ్వండి."

తూనీగ రేడియో దగ్గరికి వంగాడు. "ఏంటక్కా?"

"బ్రేకులు బాగా పడుతున్నాయా?"

"పడుతున్నాయక్కా. పన్నెండుసార్లు పట్టి చూశాను."

అవతల ఆవిడ నవ్విందో ఏడ్చిందో సరిగ్గా తెలియలేదు.

ఇద్దరూ సైకిల్ని చెరోవైపు పట్టుకుని పైకి నడిచారు. ఇద్దరూ కుంటుతూనే, చెరో కాలు. దారి మొదట్లో లెక్కల టీచరమ్మ అడ్డంగా సైకిల్ పెట్టి, దాని వెనక తను నిలబడి, నలుగురు రైడర్లని వరసలో నిలబెట్టి ఉంచింది. వాళ్లు తరగతి గదిలో ఉన్నంత బుద్ధిగా ఉన్నారు. మేస్త్రీ పక్కన నడిచొస్తున్న మనిషిని చూశాక గానీ ఆవిడ హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యలేదు.

తూనీగ జేబులోంచి రాయి తీసి బావ చేతిలో పెట్టాడు. మేస్త్రీ దాన్ని తిరిగి పంగలో పెట్టలేదు. తన జేబులో వేసుకున్నాడు. కొమ్మలు పరవడం అయ్యాక టీచరమ్మ తన ఎర్ర స్కార్ఫ్ విప్పి మొద్దుకి కట్టింది, బోర్డు వచ్చేదాకా.

"కొత్త దారిలో దిగుదామా మరి?" అన్నాడు తూనీగ సైకిల్ ఎక్కుతూ. "మొదటి పరుగు ఎవరిది?"

"టీచరమ్మది. మూడు వారాలైంది."

"అన్యాయం బావా."

"ఆగు." మేస్త్రీ హ్యాండిల్ పట్టుకున్నాడు. "రెండో మలుపు దాటగానే ఒక కాలవ ఉంది, కుడివైపు ఏటవాలు. మూడులో ఏం లేదు, కానీ వేరు ఒకటి పైకి తేలింది. నాలుగులో రెండు కాలవలు, పది అడుగుల ఎడంలో..."

"సరే బావా, అర్థమైంది."

"అర్థం కాలేదు. ఇంకా చెప్పలేదు నేను. ఐదులో నిన్ననే కొత్తది తవ్వాను..."

తూనీగ పెడల్ మీంచి కాలు కింద పెట్టి, మొత్తం విన్నాడు.